ఆరు గంటల బస్సు

2013 జూలై 14, ఆదివారం. ఆ మధ్యాహ్నం తిన్నది పులిహోర, వేయించిన ఊరమిరపకాయలు.

రామానుజానికి తేదీలు గుర్తుండవని ఇంట్లో పేరు. ఈ ఒక్కటి మాత్రం ఉండిపోయింది. జూలైలోనే చలికాలం వచ్చి మంచు కురిసే స్నోయీ కొండల్లోని కార్ పార్కులో, హీటర్ వేసిన కారులో కూర్చుని, స్టీలు డబ్బా మధ్యలో పెట్టుకుని తిన్నారు భార్యాభర్తలిద్దరూ. పొద్దున తీగకి వేలాడే లిఫ్టులో కొండెక్కి, అక్కడి షాలేని కిటికీ బయటనుంచే చూసి వచ్చారు. చెక్కతో కట్టిన పెద్ద బస. లోపల తెల్ల గుడ్డలు పరిచిన బల్లలు, పొడుగు గ్లాసులు, నెమ్మదిగా తింటున్న మనుషులు.

"అంత పెద్ద కంచంలో అంత చిన్న ముద్దేంటండీ! మిగతాది ఎవరెత్తుకుపోయారు?" అంది చాముండేశ్వరి, ఊరమిరపకాయ కొరుకుతూ. కాసేపాగి, "ఎప్పుడైనా ఒక్కసారి లోపల కూర్చుని చూడాలి" అని కూడా అంది.

ఆ ఒక్కసారికి పన్నెండేళ్ళు పట్టింది. కిందటి చలికాలంలో ఆవిడే కంప్యూటర్ ముందు కూర్చుని, ఈ జూలై పద్నాలుగుకి ఇద్దరి పేర్ల మీదా గదీ, రాత్రి భోజనమూ చెప్పి పెట్టింది. అలాంటి చోట ఏడాది ముందు చెప్పకపోతే దొరకదు. నవంబరులో ఒక తెల్లవారుజామున ఆవిడ గుండె ఆగిపోయింది.

మెల్‌బోర్న్ నుంచి కూతురు లిఖిత రెండుసార్లు ఫోన్ చేసింది. "నాన్నా, జస్ట్ ఒక ఈమెయిల్ పెట్టు. నువ్వొక్కడివే వస్తున్నావని చెప్పు. లేదంటే క్యాన్సిల్ చేసెయ్. దే విల్ అండర్‌స్టాండ్."

ముప్పయ్యేళ్ళు యూనివర్సిటీలో గణాంకశాస్త్రం చెప్పినవాడు ఆ ఒక్క వాక్యాన్ని మూడుసార్లు టైపు చేసి, మూడుసార్లు చెరిపేశాడు. ఎనిమిది నెలలుగా ఆ మాట తన నోటితో ఎవరికీ చెప్పవలసిన పని పడలేదు. బంధువులకి లిఖిత చెప్పింది. తాముండే పారమట్టాలో ఎదురైనవాళ్ళు ముందే తెలిసి, మాట్లాడకుండా భుజం మీద చెయ్యి వేసేవాళ్ళు. చివరికి బుకింగ్‌లో ఏమీ మార్చకుండానే కారు తీసుకుని బయల్దేరాడు.

కింద కార్ పార్కు దగ్గర రోడ్డు ఆగిపోతుంది. అక్కణ్ణుంచి షాలేకి తీసుకెళ్ళేది చక్రాలకి బదులు ట్యాంకులా గొలుసు పట్టీలుండే మంచు బండి. దాన్ని నడిపే గ్రెగ్ అరవై దాటిన మనిషి. సూట్‌కేసు అందుకున్నాడు, ఆయన మోకాళ్ళ మీద కంబళి కప్పాడు, పావుగంట దారంతా ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. రామానుజానికి ఆ మౌనం హాయిగా తోచింది.

లోపలికి వచ్చేసరికి అయిదైంది. బయట చీకటి పడుతోంది. భోజనాల గదిలో ఒక ముప్పయ్యేళ్ళ అమ్మాయి బల్లబల్లకీ తిరుగుతూ కొవ్వొత్తులు వెలిగిస్తోంది. ఆయన్ని చూడగానే మొహం విప్పారింది.

"రామానుజం అంకులేనా? ఫారమ్‌లో పేర్లు చూసి వారం నుంచి వెయిటింగ్ నేను! ఈ కొండ మీద తెలుగు విని ఎన్నాళ్ళయిందో. నా పేరు జెన్సీ. మాది బాపట్ల అంకుల్, ఇక్కడ పారమట్టా దగ్గర పెండిల్ హిల్. ఈ సీజన్‌కి డైనింగ్ అంతా నేనే చూసుకుంటున్నా." ఆయన వెనక తలుపువైపు చూసింది. "ఆంటీ ఏరి?"

ఆమె చేతిలో అగ్గిపుల్ల వెలుగుతోంది. ఒత్తి అప్పుడే అంటుకుంది.

దీపాలు పెట్టే వేళ పోయినవాళ్ళ మాట ఎత్తకూడదని చిన్నప్పుడు నాయనమ్మ నేర్పింది. ముప్పైనాలుగేళ్ళు చాముండేశ్వరీ అదే పాటించింది. సాయంత్రం పూట ఇండియా నుంచి ఎవరి చావుకబురైనా వస్తే, దేవుడి దగ్గర దీపం పెట్టి, గంట గడిచాకే ఆయనకి చెప్పేది. ఆ అలవాటే ఇప్పుడు ఆయనకి అడ్డొచ్చింది.

"వెనకాల వస్తోందమ్మా" అన్నాడు. అక్కడితో ఊరుకోలేదు. "బస్సులో."

"ఆరింటి బస్సా? నో వర్రీస్ అంకుల్, మీరెళ్ళి రెస్ట్ తీసుకోండి" అంటూ తర్వాతి కొవ్వొత్తి దగ్గరికి వెళ్ళిపోయింది.

గది తలుపు బరువైనది, వదిలితే దానంతటదే మూసుకుంటోంది. తన బూటు ఒకటి అడ్డం పెట్టాడు రామానుజం. ఇంట్లోనూ అంతే. వంటిల్లు సర్దుకుని చాముండేశ్వరి ఎప్పుడూ ఆఖర్న వచ్చేది. ఆవిడ కోసం ఓరగా ఉంచే పడకగది తలుపుని ఈ ఎనిమిది నెలల్లో ఒక్క రాత్రీ మూయలేదు.

కిటికీ దగ్గర నిలబడ్డాడు. మంచు దట్టంగా పడుతోంది. కాసేపటికి రెండు పసుపుపచ్చ దీపాలు షాలే ముందునుంచి కదిలి, కొండ వాలులో కిందికి దిగుతూ కనిపించాయి.

మంచు బండి. ఈ వేళలో ఎందుకు వెళ్తోందా అనుకున్నాడు. మరుక్షణం తెలిసింది. తను చెప్పిన బస్సుకే.

బస్సు వస్తుంది, ఎవరూ దిగరు, గ్రెగ్ తిరిగి వచ్చేస్తాడు అని సమాధానపరచుకున్నాడు. ఆరుంపావయింది, ఆరున్నరయింది. దీపాలు తిరిగి రాలేదు. కొండ వాలు కాదు కదా, కిటికీ కింది మెట్లు కూడా కనిపించడం మానేశాయి. చెప్పడానికి ఒక్క వాక్యం. దాని కోసం ముక్కూమొహం తెలియని మనిషి చలిలో కాపలా కాస్తున్నాడు. రామానుజం మేజోళ్ళతోనే మెట్లు దిగాడు.

జెన్సీ చేతిలో వాకీటాకీ ఉంది. అందులోంచి గ్రెగ్ గొంతు గరగరలాడుతూ వినిపించింది. బస్సు వచ్చి వెళ్ళిందట. ఎవరూ దిగలేదట. వెనక ఇంకో బస్సుందని డ్రైవరు చెప్పాడట. "నేను ఉంటాను, జెన్. అలవాటు లేని మనిషి, ఈ చలిలో ఒంటరిగా దిగితే ఎలా?"

"మంచు పెరిగిపోతోంది గ్రెగ్, దారి మూసుకుపోతుందేమో!" అంది జెన్సీ.

"ఆయన్ని వచ్చెయ్యమనమ్మా" అన్నాడు రామానుజం.

"ఆంటీ ఫోన్ చేశారా అంకుల్?"

"లేదు." బల్ల అంచు పట్టుకున్నాడు. "మా ఆవిడ రాదు. నవంబరులో పోయింది."

జెన్సీ వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుంది. బటన్ నొక్కి, "కమ్ హోమ్, గ్రెగ్. ఇంకెవరూ రారు" అంది.

"నువ్వు దీపాలు పెడుతున్నావు కదా, ఆ టైమ్‌లో..." అన్నాడు రామానుజం.

"మా అమ్మమ్మా అంతే అంకుల్. ఆదివారం తప్పకుండా చర్చికెళ్ళేది, అయినా దీపాలేళ ఇంట్లో ఏడుపు వినబడితే ఒప్పుకునేది కాదు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "కానీ ఇంకో అరగంటైతే గ్రెగ్ అక్కడ ఇరుక్కుపోయేవాడు. అది మాత్రం తప్పే."

"తప్పే" అన్నాడు.

ఏడుంపావుకి గ్రెగ్ కనుబొమల మీద మంచుతో లోపలికి వచ్చాడు. రామానుజం లేచి ఎదురెళ్ళాడు. "మై వైఫ్ డైడ్ ఇన్ నవంబర్. ఐ షుడ్ హావ్ టోల్డ్ యూ. ఐ యామ్ సారీ." రెండోసారి ఆ మాట మొదటిసారంత బరువుగా లేదు.

 గ్రెగ్ కోటు లోపలినుంచి తువ్వాలు చుట్టిన వేడినీళ్ళ సంచి తీశాడు. ఆవిడ కాళ్ళకని తీసుకెళ్ళాననీ, ఇంకా వెచ్చగానే ఉందనీ చెప్పి ఆయన చేతుల్లో పెట్టాడు.

కిటికీ పక్కన ఇద్దరికి సర్దిన బల్ల. "ఈ కుర్చీ తీసెయ్యనా అంకుల్?" అడిగింది జెన్సీ.

"కంచం తీసెయ్యమ్మా. కుర్చీ ఉండనీ."

ఒకదాని తర్వాత ఒకటిగా ఏడు కంచాలొచ్చే భోజనం. నాలుగు బీట్‌రూట్ ముక్కలొచ్చాయి. తర్వాత ఒక్క పుట్టగొడుగు, చుట్టూ గీసినట్టు పచ్చటి రసం. మిగతాది ఎవరెత్తుకుపోయారన్న ప్రశ్న ప్రతి కంచంతోనూ వచ్చింది. ఒకసారి పైకే నవ్వాడు. పక్క బల్లవాళ్ళు ఇటు చూసి, మర్యాదగా తల తిప్పుకున్నారు.

ఆఖర్న అందరికీ చాక్లెట్ వచ్చింది. ఆయన ముందు జెన్సీ ఒక చిన్న గిన్నె పెట్టింది. పెరుగన్నం. పక్కన ఒక ఊరమిరపకాయ.

"పడనివేమైనా ఉంటే రాయమని ఫారమ్‌లో ఒక చోటుంటుంది అంకుల్. అక్కడ ఆంటీ రాశారు. చదవనా?" ఫోన్ తీసింది. "మా ఆయన అన్నీ బాగున్నాయంటారు, నమ్మొద్దు. చివర రెండు ముద్దలు పెరుగన్నం పడకపోతే ఆయనకి నిద్ర పట్టదు. వీలైతే పెట్టండి."

రామానుజం గిన్నెని దగ్గరికి లాక్కున్నాడు.

"పెరుగు నేనే తోడేశా. చెఫ్ దీని మీద ఏదో పువ్వు పెడతానన్నాడు, చేతులిరుస్తానన్నా. మిరపకాయ మాత్రం ఆంటీ చెప్పలేదు, మా అమ్మ పంపింది."

చెంచా పక్కన పెట్టి, చేత్తో కలుపుకుని తిన్నాడు. మెతుకు మిగల్చలేదు.

"ఎలా ఉంది అంకుల్?"

"అన్నీ బాగున్నాయమ్మా."

"నమ్మనుగా!"

"ఇది బాగుంది" అన్నాడు.

పైకి వచ్చేసరికి గది తలుపు బూటు మీద ఆని అలాగే ఉంది. వేడినీళ్ళ సంచి పక్క మీద, దుప్పటి కింద పెట్టాడు. తిరిగి తలుపు దగ్గరికి వచ్చి బయటికి చూశాడు. వరండాలో ఎవరూ లేరు. కింద జెన్సీ కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆర్పుతున్నట్టుంది, మెట్ల మీది వెలుగు కొంచెం కొంచెంగా తగ్గుతోంది.

వంగి బూటు తీశాడు. రెండో బూటు పక్కన పెట్టాడు. తలుపు దబ్బున పడకుండా అరచేత్తో ఆపి పట్టుకుని, మెల్లిగా, చప్పుడు కాకుండా మూశాడు.