దూడ కన్ను

నాగవేణి ఫోను చేసేసరికి లోకేశ్వరి వంటింట్లో గట్టు తుడుస్తోంది. నాగవేణి ఆమె తమ్ముడు ధనశేఖర్ భార్య. చిత్తూరులోనే, నాలుగు వీధుల అవతల కాపురం.

“వదినా, నువ్వు పాపకిచ్చిన దూడకి ఒక కన్ను లేదు.”

“యాడన్నా పడిపోయుంటాది, సూడు.”

“ఇల్లంతా ఎతికినాను. పాప పొద్దన్నించి దగ్గతా ఉండాది. ఇప్పుడు తాగిన పాలన్నీ కక్కేసింది. మింగేసిందేమో వదినా! ఆయన సూస్తే తిరప్తికి పొయ్యుండాడు.”

చేతిలోని గుడ్డ ఎక్కడ పడేసిందో కూడా లోకేశ్వరికి తెలియలేదు. తలుపు దగ్గరికి లాగి వీధిలోకి పరిగెత్తి, దొరికిన ఆటో ఎక్కింది.

ఆ దూడను అల్లింది తనే. మేనకోడలు శ్రీహిత పుట్టినప్పుడు అందరూ గజ్జెలూ గౌన్లూ తెచ్చారు. తను మాత్రం చేత్తో చేసిందే ఇవ్వాలనుకుంది. ఫోనులో వీడియోలు చూసి కొక్కెం సూది పట్టడం నేర్చుకుంది. ముందు రెండు దూడలు వంకరటింకరగా వచ్చాయి, విప్పేసింది. చిన్నప్పుడు వాళ్ళ తాత ఇంట్లో పుంగనూరు ఆవు ఉండేది. దాని దూడలాగే తెల్ల ఊలుతో పొట్టి కాళ్ళు, చిన్న మూతి అల్లి, లోపల దూది కూరింది.

కళ్ళ దగ్గరే తప్పు చేసింది. పసిపిల్లల బొమ్మలకు పూసలూ గుండీలూ వద్దు, నల్లదారంతో కుట్టండి అని వీడియోలో ఆవిడ చెప్పనే చెప్పింది. దారంతో కుడితే చూపు చచ్చినట్టు అనిపించింది లోకేశ్వరికి. పాత రవికెకున్న రెండు నల్ల గుండీలు ఊడదీసింది. వెనకవైపు చిన్న ఉంగరంలా రింగు ఉన్న గుండీలు. వాటిని కుట్టగానే దూడ కళ్ళు తడితడిగా మెరిశాయి. గట్టిగా లాగి చూసింది, ఊడలేదు. అంతే, ఆ మెరుపు చూసి మురిసిపోయింది.

ఇప్పుడు ఆటోలో ఆ మెరుపే గుర్తొచ్చి, ఇంకా తొందరగా పొమ్మని డ్రైవరును తరిమింది.

నాగవేణి పాపను భుజాన వేసుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. రెండో చేతిలో ఒంటికన్ను దూడ. అదే ఆటోలో పిల్లల ఆస్పత్రికి బయల్దేరారు.

“అవ్వ లేదా?” అంది లోకేశ్వరి.

“పక్కింటోళ్ళతో కాణిపాకం పోయింది. పాపకు నీళ్ళు పోసేసి, తొమ్మిది గంటల బస్సుకే పోయింది. ఆమెకు ఫోను లేదు. పక్కింటామె ఫోనేమో మోగడం లేదు.”

అవ్వ అంటే ఆదిలక్ష్మమ్మ, నాగవేణి అమ్మమ్మ. పాప పనులు చూడడానికి వచ్చి వాళ్ళింట్లోనే ఉంటోంది.

పాప దగ్గినప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి దాని నోటికేసి చూశారు. ‘నీవల్లే’ అని నాగవేణి ఒక్కమాట అనుంటే బాగుండుననిపించింది లోకేశ్వరికి. అనలేదు. నాగవేణి రోడ్డు వైపు తిరిగి కూర్చుంది.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. పాప గొంతు చూసింది, ఛాతీకి గొట్టం పెట్టి వింది. “ఊపిరి బాగానే ఆడుతోంది. అయినా అనుమానం ఎందుకు, ఎక్స్‌రే తీద్దాం. గుండీ ఎంతుంటుంది?”

లోకేశ్వరి నాగవేణి చేతిలోని దూడను తీసుకుని మిగిలిన కన్ను చూపించింది.

ఎక్స్‌రే గదిలో ఆయా పాపను బల్లమీద పడుకోబెట్టి గౌను పైకి తీసింది. పాప కాళ్ళు తన్నుకుంటూ ఏడుపందుకుంది. “తాళ్ళూ గీళ్ళూ ఏమన్నా ఉంటే తీసేయాల” అంటూ ఆయా నడుం చుట్టూ వేలు పోనిచ్చింది. మొలతాడు వెనకవైపు ఏదో డైపరు అంచు కింద ఇరుక్కుని ఉంది. దాన్ని ముందుకు లాగింది.

నల్లగుండీ.

“ఇదేంది మే, మొలతాడుకు గుండీ కట్టినారు?” అంది ఆయా.

లోకేశ్వరి దూడ మొహాన్ని మొలతాడు పక్కన పెట్టింది. అదే గుండీ. వెనక రింగులోంచి నల్లతాడు పోనిచ్చి శుభ్రంగా ముడేసి ఉంది.

లోకేశ్వరి గోడవారనున్న బెంచీమీద కూలబడి, చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నాగవేణి ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా పాపను ఎత్తుకుని ముద్దులు పెట్టింది.

సంగతి తెలిసి వచ్చిన డాక్టరమ్మ కూడా నవ్వింది. “ఇంక ఎక్స్‌రే వద్దు. దగ్గు జలుబుదే, మందు రాస్తాను. కానీ ఆ గుండీ మొలతాడుకున్నా మంచిది కాదు, పిల్ల చేతికి దొరికితే నోట్లోకే పోతుంది. తీసేయండి. బొమ్మకున్నది కూడా.”

ఆయా కత్తెర ఇచ్చింది. లోకేశ్వరే రెండూ కత్తిరించి పర్సులో వేసుకుంది.

ఆస్పత్రి బయట చెరుకురసం బండి దగ్గర నిలబడి ఉండగా ఫోను మోగింది. పక్కింటామె ఫోనులోంచి ఆదిలక్ష్మమ్మ.

“ఏమ్మే, అన్నిసార్లు చేసినావంట? గుళ్ళోకి పోతా ఫోను ఆపేసింది ఈమె. బిడ్డ బాగుండాదా?”

“అవ్వా, దూడ కన్ను నువ్వు పెరికినావా?”

“అవును. వేలాడతా ఉన్నింది. బిడ్డ యాడ మింగేస్తాదో అని పెరికేసినా. నల్లగా నిగనిగలాడతా ఉండాది గదా, దిష్టికి పనికొస్తాదని మొలతాడుకు ఎక్కిచ్చినా. రెండోది గట్టిగా ఉన్నింది, వచ్చినాక తీద్దామనుకున్నా. ఏమైంది మే?”

“ఏం కాలేదవ్వా, ఏం కాలేదు. ప్రసాదం తీసుకోనిరా” అని నాగవేణి పెట్టేసింది. గ్లాసు బండిమీద పెట్టి, మెల్లగా అంది. “వదినా, గుండీ వదులైందని మొన్ననే సూసినాను. నీకు చెప్తే ఏమనుకుంటావోనని ఊరకుండినా. అంత ఇష్టంగా అల్లినావు గదా.”

“పిచ్చిదానా! గుండీలు కుట్టొద్దని తెలిసీ కుట్టింది నేను. నువ్వు నన్ను ఒక్కమాటా అన్లేదని నేను ఆటోలో సచ్చిపోతా ఉంటే!”

“ఆటోలో నేను నిన్ను కాదు, నన్నే తిట్టుకుంటా ఉండినా.”

లోకేశ్వరికి చెరుకురసంలో అల్లం ఘాటు అప్పుడు తెలిసింది.

“ఇంకమీద ఏదుండినా మొహానే చెప్పు వేణీ. నేనేమీ అనుకోను.”

“నిజంగా?”

“నిజంగా.”

నాగవేణి పాప చేతిలో ఉన్న బొమ్మకేసి చూసింది. శ్రీహిత ఒక చెవిని నోట్లో పెట్టుకుని చీకుతోంది.

“అయితే ఒకటి చెప్తా. నువ్విచ్చిన రోజు నేను దీన్ని కుక్కపిల్ల అనుకున్నా.”

లోకేశ్వరికి నవ్వాగలేదు. నోట్లోని రసం పొలమారి కళ్ళలో నీళ్ళొచ్చాయి. రసం బండి అతను ఇంకో గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చాడు.