ఏసేపు తలమీది హెల్మెట్

పరమేష్ చేతిలో పడితే నల్లవాడు తెల్లబడతాడు, చచ్చినవాడు మనవరాలి పెళ్లిలో నిలబడతాడు అని బేతంచెర్లలో పేరు. ఇన్నాళ్లూ ఆ పొగడ్తకు పొంగిపోయినవాడే. నెల రోజులుగా మాత్రం తన ఫొటో స్టూడియో ముందు నాపరాళ్ల లారీ ఆగితే చాలు, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉలిక్కిపడుతున్నాడు.

నెల కిందట నాపరాళ్ల గనిలో బండ జారి, అక్కడ పనిచేసే ఏసేపు తలమీద పడింది. మనిషి అక్కడికక్కడే పోయాడు. మరునాడు గని మేనేజరు ఒక ఫొటో తెచ్చాడు. పనిలో ఉండగా ఎవరో సెల్‌ఫోన్లో తీసింది. అందులో ఏసేపు ఉత్త తలతో నవ్వుతున్నాడు.

"దీనికి ఒక హెల్మెట్ పెట్టప్పా, ఫైల్లో ఉండల్ల" అన్నాడు మేనేజరు.

ఎందుకో పరమేష్‌కు తెలియదా? తెలుసు, హెల్మెట్లు ఇచ్చామని గనివాళ్లు చూపించుకోడానికి. కాదంటే గనివాళ్ల బ్యానర్లు, పెళ్లి ఆల్బమ్‌లు పోతాయని తెలియనట్టు నటించాడు. పెట్టినవాడు ఊరికే పెట్టాడా, నుదుటిమీద హెల్మెట్ నీడ కూడా వేశాడు. పనిమంతుడు కదా మరి.

ఇవాళ ఏసేపు భార్య విశ్వాసమ్మ ఆ ఫొటోనే పట్టుకుని వచ్చింది.

"పెండ్లి ఫొటో చెదలు తినింది పరమేషప్పా. మాకుండేది గనోళ్లిచ్చిన ఇదొక్కటే. ఆదివారం గుడిలో ఆయన జ్ఞాపకార్థ కూడిక. దేవుని సన్నిధిలో మొగోళ్ల తలమీద ఏమీ ఉండకూడదు. ఈ టోపీ తీసెయ్యి" అంది. ఫొటో బల్లమీద పడేసి మళ్లీ అంది. "దీన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతాది. వాళ్లు ఇచ్చినా తీసి పక్కన పెట్టినాడంట. ఫొటోకు పెట్టుకున్నోడు పనికి పెట్టుకోలేకపోయినాడు."

పరమేష్ ఫొటోను బోర్లా తిప్పాడు. "సాయంత్రం రా అక్కా, చేసి పెడతా."

"ఈడనే కూచుంటాలే" అని ఆమె స్టూలు లాక్కుంది.

ఫైలు తెరిచాడు. ఇంకెవరి జుట్టో తెచ్చి అతికించవచ్చు, ఆమెకు ఏమీ తెలియదు. కానీ అదే తలమీద రెండో అబద్ధం పెట్టడానికి చెయ్యి రాలేదు. అసలు ఫొటోపైన హెల్మెట్ ఉన్న పొరను, ఆ లేయర్‌ను, ఒక్క నొక్కుతో తీసేశాడు. హెల్మెట్ మాయమై, రాతిదుమ్ము పట్టిన జుట్టు, నుదుటిపైన ఎడమపక్కకు తిరిగిన సుడి బయటపడ్డాయి.

విశ్వాసమ్మ లేచి వచ్చి తెరమీద ఆ సుడిని వేలితో తాకింది.

"ఎంత నూనె పెట్టినా అణగదు ఇది. నీకెట్ల తెలిసె?"

"నేను గీయలేదక్కా. ఇదే అసలు ఫొటో. హెల్మెట్టే నేను పెట్టినా. గనోళ్లు పెట్టమన్యారు."

అరుస్తుందనుకున్నాడు, చెప్పు తీస్తుందనుకున్నాడు. ఆ రెండిట్లో ఏది చేసినా తనకు కొంత తేలికయ్యేది. ఆమె మెల్లగా మళ్లీ స్టూలుమీద కూర్చుంది.

"నెల దినాల్నుంచి ఆయన్ని తిడతాండా" అంది. "పిల్లోళ్ల ముందర తిట్టినా. సమాధి కాడికి పోయి గూడా తిట్టొచ్చినా."

పరమేష్‌కు తలెత్తే మొహం లేకపోయింది. "ఆదివారం గుడికొచ్చి అందరి ముందర చెప్తానక్కా" అన్నాడు.

"ఆదివారానికి నీ మనసు మారుతాది. ఇప్పుడే రాసియ్యి."

అలవాటుకొద్దీ అతని చేతులు కీబోర్డు మీదికి పోయాయి.

"దాంట్లో వద్దప్పా" అంది విశ్వాసమ్మ. "పెన్నుతో రాయి."