శుక్రవారం లేని క్యాలెండరు

రియాద్ శివార్లలోని సులైలో ఏసీలు బాగుచేసే కంపెనీ ఒకటుంది. అందులో నాగేందర్ టెక్నీషియను. కోరుట్లలో ఉన్నప్పుడు ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేశానని ఒకసారి ఆఫీసులో నోరు జారాడు. ఆనాటి నుంచి కంపెనీ వెబ్‌సైటు కూడా అతని నెత్తిన పడింది.

ఆఫీసు చూసుకునే ప్రసాద్‌ది కాకినాడ. కస్టమర్లు ఫోన్లు చేసి విసిగించకుండా వెబ్‌సైటులోనే టైము బుక్ చేసుకునేలా ఆయన ఒక ప్లగిన్ తెప్పించాడు. వెబ్‌సైటుకు తగిలించుకునే చిన్న ప్రోగ్రాము అది. ఎక్కడో సముద్రాల అవతలి కంపెనీ తయారుచేసింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. అందులో వారపు సెలవుగా శనివారం పెట్టుకోవచ్చు, ఆదివారం పెట్టుకోవచ్చు. శుక్రవారం పెట్టుకోవడానికి మాత్రం గడి లేదు.

సౌదీలో వారపు సెలవు శుక్రవారమే. కంపెనీ పనివాళ్లకు బస ఇచ్చిన క్యాంపులో ఉండే ముప్పై ఆరు మందికీ వారంలో మనుషుల్లా బతికే రోజు అదొక్కటే. ఆ పూట బట్టలు ఉతుక్కుంటారు, కూర వండుకుంటారు, ఇంటికి తీరిగ్గా ఫోన్ చేస్తారు. ప్లగిన్ వచ్చిన మొదటి శుక్రవారమే రోజుకున్న ఆరు స్లాట్లకూ బుకింగులు వచ్చాయి. నాగేందర్ ఫోన్లో భార్య శ్రీలతతో మాట్లాడుతూ మాట్లాడుతూనే వ్యాన్ ఎక్కాడు.

"సిస్టమ్‌లో స్లాట్ ఓపెన్‌గా ఉంది, కస్టమర్ తీసుకున్నాడు. నేనేం చేస్తానయ్యా?" అన్నాడు ప్రసాద్.

"వేరే ప్లగిన్ పెడదాం సార్."

"ఇదే బెస్ట్ అని ముదీర్‌కి ప్రెజెంటేషన్ ఇచ్చాను. ఇప్పుడు మారిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను? డెవలపర్లకి ఫీడ్‌బ్యాక్ రాయి. వాళ్లు చాలా ఫ్రెండ్లీ."

ముదీర్ అంటే ఆ కంపెనీకి పెద్ద మేనేజరు. ఆయన మాట దాటితే ప్రసాద్‌కు నిద్ర పట్టదు.

నాగేందర్ రాశాడు. వారపు సెలవుల్లో శుక్రవారం లేదనీ, పోనీ ఒక్కొక్క తేదీని సెలవని గుర్తు పెడితే తన తెరమీద ఎర్రగా కనిపిస్తోందే తప్ప కస్టమర్లకు తెరిచే ఉంటోందనీ, బొమ్మలు తీసి మరీ పంపాడు. మూడోనాడు జవాబొచ్చింది. "మీ అమూల్యమైన అభిప్రాయం మా గుండెలను తాకింది. ఒకసారి క్యాష్ క్లియర్ చేసి చూడండి. ప్రేమతో, ఆనంద విభాగం నుంచి లియో."

పక్క మంచం మీదున్న నర్సింలు ఏసీ డక్టుల పనిలో పదిహేనేళ్లుగా ఉన్నవాడు. క్యాష్ అంటే ఏందని అడిగాడు.

"కంప్యూటర్ల జమైన పాత చెత్త అన్నా. అది ఊడ్వమంటున్నడు."

"చెత్త ఆయన దిక్కున్నది గదరా."

ఊడ్చినా శుక్రవారం రాలేదు. నాగేందర్ మళ్లీ రాశాడు. ఈసారి లియో వివరంగా చెప్పాడు. శుక్రవారం సెలవు లేకపోవడం బగ్ కాదట, అది నాగేందర్ వాళ్ల ప్రాంతపు ప్రత్యేకమైన కోరికట. కోరికలకు వేరే బోర్డు ఉంది, అక్కడ పెట్టి ఓట్లు తెచ్చుకోవాలట. నాగేందర్ వెళ్లి చూశాడు. బుకింగ్ పూర్తవగానే తెరమీద రంగు కాగితాలు ఎగరాలన్న కోరిక తొమ్మిది వందల ఓట్లతో ముందుంది. శుక్రవారానికి ఒక్క ఓటుంది, అది తనదే.

చుట్టుపక్కల క్యాంపులన్నీ తిరిగి నర్సింలు నూట నలభై మందితో ఓట్లు వేయించాడు. మర్నాటికి మళ్లీ ఒక్కటే మిగిలింది. "ఒకే చోటునుంచి ఇంతమంది ఉండడం సహజం కాదు కనుక దొంగ ఓట్లుగా భావించి తొలగించాం" అని లియో ప్రేమతో తెలియజేశాడు.

నర్సింలు తన గదిలోని పది మంచాలకేసి చూశాడు. "సహజం గాదన్నది నిజమే గని, గా ముచ్చట మా ముదీర్‌కు రాస్తే బాగుండు" అన్నాడు.

నెలాఖరుకు కొత్త వెర్షన్ వచ్చింది. రంగు కాగితాలు వచ్చాయి. శుక్రవారం ఎవరైనా బుక్ చేసుకుంటే ఎర్రవీ పచ్చవీ ముక్కలు తెరంతా కురుస్తున్నాయి. ఆ శుక్రవారం గ్రీజు అంటిన చేతులతోనే నాగేందర్ కూతురి పుట్టినరోజు వీడియో కాల్ మాట్లాడాడు. అటు పిల్ల కేక్ కోస్తుంటే ఇటు ఇంటి యజమాని నిచ్చెన కింద నిలబడి తొందరపెడుతున్నాడు. నాగేందర్‌కు మొదటిసారి నిజంగా కోపం వచ్చింది. తిరిగొచ్చి వెబ్‌సైటు తెరిచి, ముందున్న యాభై రెండు శుక్రవారాల్లోని స్లాట్లన్నీ తనే బుక్ చేశాడు. కస్టమర్ పేరు దగ్గర 'సులై క్యాంపు' అని కొట్టాడు. మూడు వందల పన్నెండుసార్లు రంగు కాగితాలు కురిశాయి.

పొద్దున ప్రసాద్ పిలిచాడు. "ఎవరయ్యా ఈ కస్టమరు?"

"మనమే సార్. క్యాంపు ఏసీలు ఏడాది సంది నీళ్లు కారుతున్నయి. మీకు చెప్తే సిస్టమ్‌ల రావాలన్నరు. వచ్చినం."

"వెంటనే క్యాన్సిల్ చెయ్యి."

"క్యాన్సిల్ బటన్ మన దిక్కు లేదు సార్, కస్టమర్‌కే ఉంటది. గా సంగతి గూడ లియోకు రాసిన."

"కస్టమర్ నువ్వే కదయ్యా."

"కస్టమర్ ఒప్పుకుంటలేడు సార్."

ప్రసాద్ స్వయంగా లియోకు రాశాడు. ఆయన్నీ క్యాష్ క్లియర్ చేయమన్నాడు లియో. ఇంతలో ముదీర్ నెలవారీ చార్టు చూసి, శుక్రవారాలు నిండుగా పచ్చగా ఉన్నాయని ప్రసాద్ భుజం తట్టాడు. ఆ తట్టిన భుజంతో నిజం చెప్పడం ప్రసాద్ వల్ల కాలేదు. మొదటి రెండు శుక్రవారాలు మనుషులంతా క్యాంపు ఏసీలు బాగుచేశారు. ఆపైన అవి చల్లబడుతున్నాయో లేదోనని ప్రతివారం వాటి కింద పడుకుని పరీక్షించారు.

కొన్నాళ్లకు లియో తనంతట తానే రాశాడు. శుక్రవారాలు నూటికి నూరు శాతం నిండిన కంపెనీ ప్రపంచంలో మీదొక్కటే, మీ విజయగాథ వేస్తాం, నాలుగు మాటలు రాయండి అన్నాడు. నాగేందర్ ఉన్నదున్నట్టు పేజీన్నర రాశాడు. వాళ్లు మొదటి వాక్యం మాత్రం ఉంచారు. "శుక్రవారాలన్నీ నేనే నింపాను." కింద నాగేందర్ ఫోటో, హోదా వ్యాపారాభివృద్ధి అధిపతి.

అది చూసి, సౌదీలోనే ఉన్న నజ్రాన్ నుంచి ఓబులేసు అనే ఆయన ఫోన్ చేశాడు. అక్కడ నీటి మోటార్ల షాపులో పనిచేస్తాడట, కడప వైపు మనిషి.

"అన్నా, శుక్రవారాలు ఎట్ల నింపితివి? మాకూ ఇదే దరిద్రం ఉండాది. సెలవనేదే ల్యాకుండా పాయె."

నాగేందర్ పావుగంటలో నేర్పాడు. ఓబులేసు తాయిఫ్‌లో ఉన్న తన బావమరిదికి నేర్పాడు. రెండు నెలల్లో ఎన్ని క్యాంపులు కస్టమర్లయ్యాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

అప్పుడు డెవలపర్లు మేలుకున్నారు. కొత్త వెర్షన్ విడుదల చేస్తూ పెద్ద అక్షరాలతో ప్రకటించారు. "సౌదీ వినియోగదారుల అభిప్రాయాలను మేము శ్రద్ధగా విన్నాం. అక్కడి గిరాకీని గమనించి శుక్రవారం స్లాట్లను రెట్టింపు చేశాం."

నాగేందర్ దాన్ని నర్సింలుకు చదివి వినిపించాడు.  నర్సింలు తన ఫోన్ తీసి, కళ్లజోడు పెట్టుకుని, నాగేందర్ పక్కన చోటు చేసుకుని కూర్చున్నాడు.

"మీది సగం స్లాట్లు నువ్వు కొట్టు, కింది సగం నేను కొడ్త" అన్నాడు.