నీళ్లు కట్టిన మడచెట్లు

ఏటిపాయ ఒడ్డున ఉన్న తన మడచెట్లకు ఆకుపురుగు పట్టేసరికి వీరవేణి గుండె జారిపోయింది. దిక్కుమాలిన పురుగు! వారం తిరిగేసరికి తొమ్మిది చెట్లకూ ఒక్క ఆకు మిగల్చలేదు.

అవి మామూలు చెట్లా? తొంభై ఆరు తుఫానప్పుడు ఆఖరిసారి సముద్రం మీదికి పోయేముందు మొగుడు లోవరాజు తన చేత్తో నాటిన మొక్కలు. మనిషి తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు. ఇంట్లో ఫోటో అయినా లేదు. అతనిదంటూ మిగిలింది ఆ చెట్లే.

అత్త తలుపులమ్మ తేలిగ్గా తీసేసింది. "మడకి ఇది మామూలేనే. పురుగు తిని పోద్ది, నెల్లాళ్లలో మళ్లీ చిగురేస్తాది. నువ్వేం చెయ్యకు."

ఎలా నమ్ముతుంది? ఏడేళ్లుగా "మావోడు వస్తాడు" అంటూ దినం కూడా చెయ్యనివ్వని మనిషాయె. "నీకన్నీ తిరిగొస్తాయిలే అత్తా!" అని విసుక్కుంది.

వీరవేణి ఊడ్పులకు వెళ్లే చేలల్లో పురుగు పడితే రైతులు నీళ్లు కట్టి ముంచేవారు. తనూ అదే చేసింది. నాలుగు రోజులు నడుం విరిగేలా బురద ఎత్తి చెట్ల చుట్టూ గట్టు వేసింది. పోటుకి వచ్చిన నీరు పాటుకి పోకుండా మోకాలి లోతున నిలబడింది. హమ్మయ్య అనుకుంది పిచ్చిది.

వరికి చేసే వైద్యం మడకి పనికొస్తుందా? బురదలోంచి మేకుల్లా పైకి లేచే వేళ్లతోనే మడచెట్టు గాలి పీల్చుకుంటుంది. పాటుకి నీరు దిగి ఆ వేళ్లు బయటపడితేనే దానికి బతుకు. ఆ సంగతి వీరవేణికి ఎవరు చెప్పారు?

నెల దాటింది. పాయకి అవతల, పురుగు తిన్న మడంతా పచ్చగా చిగురేసింది. వీరవేణి చెట్లు మాత్రం మోడులై నిలబడ్డాయి. పరుగున పోయి గట్టు తెగ్గొట్టింది. మురిగిన నీరు కంపు కొడుతూ పోయింది. ఒక వేరు పట్టుకుని లాగితే తోలూడి చేతిలోకి వచ్చేసింది.

"నేనే చంపేశానత్తా! ఊపిరాడకుండా నా చేతుల్తో నేనే చంపుకున్నాను!" వెనకాలే వచ్చిన అత్తని చూసి బురదలో కూలబడి గుండెలు బాదుకుంది. ఏడేళ్లలో ఆమె అలా ఏడవడం అదే మొదలు.

తిడుతుందనుకుంది. తలుపులమ్మ తిట్టలేదు. తనూ బురదలోకి దిగి, కోడలి తల ఒళ్లోకి తీసుకుని, ఆ చెట్లను ఒక్కొక్కటే చాలాసేపు చూసింది.

"ఏడ్చెయ్యవే తల్లీ, గట్టిగా ఏడ్చెయ్యి" అంది చివరికి. "రేపు పంతులుగార్ని పిలుద్దాం. నా కొడుక్కి దినం చేద్దాం."