రోళ్ళపాడులో కనపడిన పిట్ట

ఉమామహేశ్ కర్నూలులో పద్దెనిమిదేళ్లుగా ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతున్నాడు. పులికి ఎన్ని పళ్లో, ఏనుగు ఎన్ని నెలలు మోస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. అయితే పాఠాల్లోని జీవాల్లో అతను కళ్లారా చూసినవి బొద్దింక, కప్ప, వానపాము. వాటిలో రెండు సీసాలోవి.

ఈ మే నెలలో కాలేజీవాళ్లు ఒక కోచింగుకూ ఇంకో కోచింగుకూ మధ్య నాలుగు రోజులు సెలవిచ్చారు. అతను వెంటనే స్టాఫ్ గ్రూపులో ‘వైల్డ్‌లైఫ్ రోడ్ ట్రిప్’ అని ప్రకటించి, బైనాక్యులర్సు, పదకొండు జేబులున్న చొక్కా తెప్పించుకున్నాడు. భార్య శివజ్యోతి ఊటీ పోదామంది. ఎండ నలభై మూడుందని కూడా అంది. సొంత సీమలో ఇంత ప్రకృతి పెట్టుకుని ఊటీ ఏంటన్నాడతను. కూతుర్ని చూడ్డానికి వచ్చిన అత్తగారు వరమ్మను ఒంటరిగా వదలలేక ఆమెనూ కారెక్కించారు. వరమ్మది మిడుతూరు పక్క పల్లె. పెళ్లయ్యేదాకా గొర్రెలు కాసిన మనిషి.

ఓర్వకల్లు రాళ్ల దగ్గర దిగేసరికి పదకొండైంది. కాలు పెడితే పెనం మీద పెట్టినట్టుంది. ఆ రాళ్లకు ఎన్ని కోట్ల ఏళ్లో ఉమామహేశ్ పావుగంట వివరించాడు. శివజ్యోతి గొడుగు కింద నిలబడి విన్నది. వరమ్మ కారు దిగలేదు. రాళ్లు తాను చూసే ఉన్నానని కూతురితో చెప్పి పంపింది.

అసలు గురి రోళ్ళపాడు అభయారణ్యం. అక్కడ బట్టమేకపిట్టను చూడాలి. మనిషి నడుమెత్తు పిట్ట, తెల్లని మెడ, నెత్తిన నల్లని టోపీ. దేశం మొత్తం మీద నూటయాభై కూడా మిగల్లేదని అంటారు. రెండు గంటలకు చేరేసరికి వాచరు గిడ్డయ్య వేపచెట్టు కింద కూర్చుని ఉన్నాడు.

“ఆ పిట్ట కనపడి శానా ఏండ్లయింది సారూ,” అన్నాడు గిడ్డయ్య. “జింకలైతే ఉండాయి. ఈడనే నిమ్మళంగా కూచుంటే తొట్టిలో నీళ్లకు అవే వస్తాయి.”

కూర్చుంటే వచ్చేవాటి కోసం అంత దూరం రాలేదని ఉమామహేశ్ బైనాక్యులర్సు మెడకేసుకుని గడ్డి బీట్లోకి నడిచాడు. వాచర్లకు ఓపిక తక్కువని అతని అభిప్రాయం. అరగంట తిరిగాక ఎండిన గడ్డిలో, ఫర్లాంగు దూరాన, అది కనపడింది. తెల్లని మెడ. నల్లని టోపీ. వడగాలి సెగకు ఆ మెడ అటూ ఇటూ ఆడుతోంది. అతను గబుక్కున ఫోను ఎత్తాడు. కదలకుండా వీడియో తీశాడు. అక్కడే నిలబడి స్టాఫ్ గ్రూపుకూ, పాత విద్యార్థుల గ్రూపుకూ పంపేశాడు.

తిరిగి వచ్చేసరికి అభినందనలు వందకు చేరాయి. గిడ్డయ్యకు కొంచెం జాలిగానే ఫోను చూపించాడు. గిడ్డయ్య కళ్లు చిట్లించి చూశాడు.

“ఇది మా బొమ్మ కదా సారూ. గేటుకాడ ఉండె. కాలు ఇరిగితే ఆడ పెట్టినాము.”

ఉమామహేశ్ నమ్మలేదు, మెడ ఆడించింది కదా అన్నాడు. ఇద్దరూ మళ్లీ నడిచిపోయారు. దగ్గరికి పోయి చేత్తో తట్టి చూశాడు. సిమెంటే. అరచెయ్యి చుర్రుమంది.

“శానామంది దీన్ని ఫోటో తీసుకున్నారు గానీ, మెడ ఆడించిందన్నది మీరే సారూ,” అన్నాడు గిడ్డయ్య. వెక్కిరింతగా కాదు, మెచ్చుకోలుగానే.

కారు దగ్గర తల్లీకూతుళ్లు ఒకటే మాటలు. అతను బీట్లో ఉండగా పన్నెండు కృష్ణజింకలు తొట్టి దగ్గరికి వచ్చి నీళ్లు తాగి పోయాయట. వాటిలో కొమ్ములు మెలితిరిగిన పోతు ఒకటి కారుకు పది అడుగుల దూరంలో నిలబడి తమనే చూసిందట. ఉమామహేశ్ బైనాక్యులర్సు మెడలోంచి తీసేసి కారు తీశాడు.

గండికోట చేరేసరికి పొద్దు వాలుతోంది. లోయ ఎర్రగా మండుతోంది, అడుగున పెన్న సన్నగా మెరుస్తోంది. శివజ్యోతి అంచు దాకా పోయి చూస్తోంది. అతను మాత్రం ఫోను చూస్తున్నాడు. వీడియో చేతులు మారి చేరిందని హైదరాబాదు నుంచి ఎవరో పక్షుల పరిశోధకుడు ఫోను చేశాడు. పొద్దున్నే మూడు కార్లలో బయల్దేరుతున్నామన్నాడు. పిట్ట నడిచిందా, నిలబడే ఉందా అని అడిగాడు.

శివజ్యోతి పక్కనే ఉండి విన్నది. “చెప్పెయ్యండి. పాపం, ఈ ఎండలో యాడాడ తిరుగుతారు వాళ్లు,” అంది.

చెప్పేశాడు. అవతలి మనిషి మొత్తం విన్నాడు. ఎండలో తిరిగేటప్పుడు నీళ్లు బాగా తాగమని చెప్పి పెట్టేశాడు.

ఆ ధైర్యంతో ఉమామహేశ్ గ్రూపులో కూడా రాశాడు: ‘క్షమించాలి. అది సిమెంటు బొమ్మ.’

మొదటి జవాబు ప్రిన్సిపాల్‌ది. ‘వేటగాళ్లకు జాడ తెలియకూడదని ఇలా అంటున్నారని అర్థమైంది. మీరు చాలా గొప్పవారు సార్.’ దాని కింద ఇరవై ముప్పై చేతులు దండం పెట్టాయి. నిజంగానే సిమెంటని అతను ఇంకో రెండుసార్లు రాశాడు. రాసిన కొద్దీ గౌరవం పెరిగింది.

“ఏమంటాండారే వాళ్లు?” అని వరమ్మ కూతుర్ని అడిగింది.

“నమ్మలేదంటమ్మా.”

“మరి జింకల సంగతి చెప్పమను. అవి నిజమే గదా.”

జూన్‌లో కాలేజీ తెరిచేసరికి గేటు మీద పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. ఒక పక్క పదకొండు జేబుల చొక్కాలో ఉమామహేశ్, ఇంకో పక్క బట్టమేకపిట్ట. బైపీసీలో ఒక సెక్షను పెంచారు. ఉమామహేశ్ మాత్రం ఆ వారమంతా వెనక గేటు నుంచి వెళ్లాడు.