మజ్జిగకు తగ్గని మంట

“ఈ పిల్ల కిడ్నీలు గాని పాడైతే వాళ్ళమ్మకి నేనేం జవాబు చెప్పాల్రా ఉపేంద్రా?”

కోడలు హిమజ ఇంకా బాత్రూంలోనే ఉంది. తలుపు బయట నిలబడ్డ శ్యామలకు మూలుగు వినబడుతోంది. కొడుకు ఫోనులోంచి తలెత్తలేదు.

“మిరపకాయ కోసిన చేతులు కదమ్మా. కడుక్కొని ఉండదు.”

“కోతలైపోయి ఎన్నాళ్ళయిందిరా?”

రొంపిచెర్ల చుట్టుపక్కల మిరపకోతలప్పుడు ఏ మంటకైనా మిరపకాయదే తప్పు. కళ్ళు మండినా, ఆడవాళ్ళకు చెప్పుకోలేని చోట మండినా, మజ్జిగతో చేతులు కడగలేదని తిడతారు. శ్యామల కూడా అలాగే తిట్టింది. కొబ్బరినూనె ఇచ్చింది, బార్లీ కాచి తాగించింది. కాయ కల్లంలో ఎండి గుంటూరు మిర్చి యార్డుకు పోయింది గాని, పిల్ల మంట మాత్రం పోలేదు.

శ్యామలకు చెడ్డ ఆలోచనలు పిలవకుండానే వస్తాయి. పొద్దున కిడ్నీలు, మధ్యాహ్నం గర్భసంచి, దీపాలు పెట్టే వేళకు క్యాన్సర్. ఇక ఆగలేక మర్నాడే హిమజను నరసరావుపేటలో లేడీ డాక్టరు దగ్గరకు తీసుకుపోయింది.

పరీక్షలు చూసి డాక్టరు చెప్పింది: “కిడ్నీలు బాగున్నాయమ్మా. ఇది కారం మంట కాదు. మూత్రనాళంలో ఇన్ఫెక్షన్, మొగుడూ పెళ్ళాల్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకునే రకం. ఆయన్నీ తీసుకురండి, పరీక్ష చేయాలి. మందులు ఇద్దరూ కలిసి వాడాలి. మంట తగ్గిందని మధ్యలో ఆపకూడదు. నేను చెప్పేదాకా వేరుగా పడుకోవాలి. ఆయన రాకపోతే ఈ అమ్మాయికి తగ్గినా మళ్ళీ వస్తుంది. ముదిరితే గర్భసంచికి పాకుతుంది, పిల్లలు కలగడమే కష్టమవుతుంది.”

 తొలికోత కాయ అమ్మి ఉపేంద్ర యార్డు నుంచి వచ్చినప్పుడు విడిచిన లుంగీ శ్యామలకు గుర్తొచ్చింది. దాని మీద పసుపుపచ్చ జిగురు మరక, చీము వాసన. వేడి చేసిందిలే అనుకొని తనే ఉతికింది. ఆ చేతులతోనే వాడికి అన్నం కలిపి పెట్టింది. ఛీ!

ఆటోలో అరచేతులు చీరకొంగుకు రుద్దుకుంటూనే ఉంది.

“ఏమే, నాకు ముందే చెప్పొద్దూ?”

“ఏం చెప్పమంటారత్తా? నోరు తెరిస్తే చేతులు కడుక్కో అంటిరి. కడిగి కడిగి తోలు ఊడింది,” అంది హిమజ, మొహం రోడ్డు వైపు తిప్పుకొని.

ఇంటికి వచ్చేసరికి ఉపేంద్ర అన్నం తింటున్నాడు.

“ఏమందమ్మా డాక్టరు? కారమేగా?”

“నీ కారం తగలెయ్య! కాయ అమ్ముకు రమ్మంటే ఏ పెంటలో పొర్లి వచ్చావురా? అది ఏడుస్తుంటే చేతులు కడుక్కోలేదని దాన్నే అంటావా? థూ!”

అతని చెయ్యి కంచంలో ఆగిపోయింది.

“నిన్ను కన్నదాన్నే. నీ కంచం ముట్టుకోవాలంటే చానా అసయ్యంగా ఉందిరా నాకు. రేపు దానితో ఆస్పత్రికి వస్తావా, లేకపోతే దాన్ని పుట్టింట్లో దించి రమ్మంటావా? ఏందో ఒకటి చెప్పు.”

 హిమజ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఉపేంద్ర వేళ్ళకు అంటిన మెతుకులు ఎండిపోయాయి. శ్యామల కదల్లేదు.

“మందుల షాపులో బిళ్ళలు అడిగి మింగానమ్మా,” అన్నాడు చివరికి. “మంట తగ్గంగానే మానేశా. దానికి అంటుద్దనుకోలా. రేపు వస్తాలే. డాక్టరు దగ్గరికి మాత్రం నువ్వు రాబాకు.”