గొడుగుల ఒప్పందం

“ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, ఆ గొడుగుల సంగతి కాస్త చూడు” అన్నారట బావగారు, పదకొండేళ్ళ కిందట. నేను ఈ ఇంటికి చిన్నకోడలిగా వచ్చేసరికి మా తోడికోడలు ఆ ‘కాస్త’లో పీకలదాకా మునిగి ఉంది. ఆవిణ్ణి నేను అక్కా అని పిలుస్తాను. గొడుగులు, రెయిన్‌కోట్లు ముప్పై కొట్లకు మేమే సరఫరా చేస్తాం. సరుకు వాళ్ళ దగ్గరుంటుందే గానీ అమ్ముడయ్యేదాకా మాదే. వానలు తగ్గాక అమ్ముడుపోనిది తిరిగొస్తుంది. వచ్చిన ప్రతి గొడుగునూ డాబా మీద విప్పి, తుడిచి, ఆరబెట్టేది అక్కే. బడి పక్క కొట్టుకు చిన్న కోట్లు, ఆసుపత్రి సందుకు మడత గొడుగులు అని ఎండలు మండుతుండగానే పంపకం తేల్చేస్తుంది. పిల్లల చేత హోంవర్కు చేయిస్తూనే స్టాకు పుస్తకం రాస్తుంది. బావగారేమో చుట్టాల ముందు, “మా ఆవిడకు వ్యాపారం ఏం తెలుసు, పాపం” అనేవారు. అక్క నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఈ ఏడు, నిరుటి నుంచి మా సరుకు అమ్ముతున్న ఓ పెద్ద షోరూం యజమాని ఒప్పంద పత్రం పట్టుకుని ఇంటికే వచ్చాడు. మిగిలిన సరుకు ఎప్పుడిచ్చినా, ఎలా ఉన్నా మేం తీసుకోవాలని అందులో ఉంది. బావగారు కలం తీశారు. టీ ఇవ్వడానికి వెళ్ళిన అక్క నిలబడే పత్రమంతా చదివింది. లోపలికెళ్ళి, రంగు వెలిసిన గొడుగొకటి తెచ్చి ఆ యజమాని ముందు విప్పింది.

“నిరుడు మీ అద్దాల వెనక ఎండలో పెట్టినవి ఇరవై మూడు ఇలా వచ్చాయండీ. వెలిసినవి మీవి. విప్పనివి, సీజనయ్యాక పదిహేను రోజుల్లో పంపితే మావి. మీ దగ్గర కదలకుండా ఇంకో పేటలో అడుగుతుంటే, మధ్యలోనే పట్టుకెళ్తాం.”

ఆయన గొడుగును తిప్పి తిప్పి చూశాడు. తన చేత్తోనే పత్రం దిద్ది, సరుకు బాధ్యత ఎవరి పేరున రాయమంటారని అడిగాడు. బావగారు తన పేరే చెప్పారు.

“నాది రాయండి” అంది అక్క, గొంతు పెంచకుండా.

“నీకెందుకే ఈ తలనొప్పి?”

“ఇన్నేళ్ళూ తలనొప్పి నాదేగా. పేరు కూడా నాదే ఉండనివ్వండి.”

అక్క కుర్చీ లాక్కుని కూర్చుని, తొందరపడకుండా సంతకం చేసింది. గుమ్మం పక్కన నిలబడ్డ నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగితే అలవాటుగా బావగారే ఎత్తారు. కాసేపు విని, వంటింటి దాకా వచ్చి “నీకే” అన్నారు.

అక్క ఫోన్ అందుకుని, గరిట ఆయన చేతికిచ్చి, ముందుగదిలోకి వెళ్ళింది.